‘రెబెకా’: మాక్సిమ్ చేతిలోంచి తుపాకీ తీసేసిన సినిమా నవలకు న్యాయం చేసిందా?

పాత_బీరువా:

డాఫ్నీ డ్యు మోరియే 1938లో వెలువరించిన ‘రెబెకా’ నవలకు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1940లో తీసిన సినిమా ఎంతో నమ్మకమైన అనుసరణ అని చాలామంది రాస్తుంటారు. నవలను ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీల్లేదని నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ పట్టుబట్టి, హిచ్‌కాక్ ముందుగా సిద్ధం చేయించిన కథనాన్ని తిప్పికొట్టిన మాట వాస్తవమే. అయినా ఆ సినిమా నవలలోని సన్నివేశాలను కాపాడి నవలను మాత్రం వదిలేసిందని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారో వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముగింపుతో సహా కథంతా చెప్పక తప్పదు కనుక, ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

కథ క్లుప్తంగా ఇది. మాంటీకార్లోలో ఒక ధనిక అమెరికన్ మహిళకు జీతానికి తోడుగా ఉంటున్న ఇరవై ఒకటేళ్ల అమ్మాయి, తనకు రెట్టింపు వయసున్న మాక్సిమ్ డి వింటర్‌ను పెళ్లాడి, ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న మాండర్లీ అనే మహాభవనానికి యజమానురాలిగా వస్తుంది. కథ చెప్పేది ఆమే, అయితే ఆమె పేరు ఏమిటో నవలలోనూ సినిమాలోనూ చివరిదాకా తెలియదు. పడవ మునిగి చనిపోయిందని అందరూ అనుకుంటున్న మొదటి భార్య రెబెకా గురుతులు ఆ ఇంట్లో ప్రతి బల్లమీదా, ప్రతి సొరుగులోనూ ఉంటాయి. ఇల్లు నడిపే మిసెస్ డాన్వర్స్ వాటిని దేవుడి గదిని చూసుకున్నంత శ్రద్ధగా కాపాడుతూ, కొత్త యజమానురాలిని అడుగడుగునా కించపరుస్తుంది. చివరికి సముద్రంలో ఆ పడవా, అందులో శవమూ బయటపడినప్పుడు మాక్సిమ్ తన రెండో భార్యకు నిజం చెబుతాడు.

నవలలో ఆ నిజం ఏమిటంటే, అతడు రెబెకాను గుండెలో కాల్చి చంపాడు. సినిమాలో ఆమె అతణ్ణి రెచ్చగొడుతుంది, అతడు బహుశా ఒక దెబ్బ కొడతాడు, ఆమె నవ్వుతూ ముందుకు వస్తూ కాలు తట్టుకుని పడిపోతుంది, పడవ సామగ్రికి తల తగిలి ప్రాణం పోతుంది. నవల రెండో సగమంతా ‘నా భర్త హంతకుడు, అయినా నేను అతని పక్షమే’ అనే ఒకే ఒక్క విషయం మీద నిలబడి ఉండగా, సినిమా ఆ విషయాన్నే తొలగించింది. అటువంటప్పుడు ఏ అర్థంలో దాన్ని నమ్మకమైన అనుసరణ అంటున్నారో నాకు బోధపడడం లేదు.

రెండో_ఆట:

బీరువా గారూ, మీరు చెప్పిన మార్పు హిచ్‌కాక్ కోరుకున్నది కాదు, సెల్జ్నిక్ కోరుకున్నది అసలే కాదు. 1930లో రూపొంది 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ కార్యాలయం గట్టిగా అమలు చేసిన ప్రొడక్షన్ కోడ్ అనే హాలీవుడ్ సెన్సారు నియమావళి ప్రకారం, హత్య చేసినవాడు శిక్ష పడకుండా తెరమీద సుఖంగా బతకడానికి వీల్లేదు. మాక్సిమ్ కాల్చాడని చూపిస్తే అతడు ఉరికంబం ఎక్కాలి, లేదా మరో విధంగా చావాలి. భార్యను చంపినవాడి కథను, ప్రమాదవశాత్తూ చనిపోయిన భార్యను పాతిపెట్టినవాడి కథగా మార్చమంటున్నారని సెల్జ్నిక్ స్వయంగా వాపోయాడు. కాబట్టి ఆ కాలపు చట్రంలో సాధ్యమైనదేమిటన్నదే చూడాలి తప్ప, లేని స్వేచ్ఛను ఊహించుకుని తప్పు పట్టడం న్యాయం కాదు.

అంతకన్నా ముఖ్యంగా, మీరు ఆ సన్నివేశంలో ఏం చెప్పారన్నదే చూశారు గానీ ఎలా చూపారన్నది చూడలేదు. రేవులోని ఆ చిన్న ఇంట్లో మాక్సిమ్ ఆ రాత్రి జరిగింది చెబుతున్నప్పుడు, మామూలు దర్శకుడైతే వెంటనే గతంలోకి వెళ్లి ఒక అందమైన నటిని రెబెకాగా చూపించేవాడు. హిచ్‌కాక్ కెమెరాను ఖాళీ సోఫా మీద, దాని పక్కనున్న సిగరెట్ పీకల పళ్లెం మీద నిలిపి, ‘ఆమె లేచింది’ అనే మాట వినబడగానే దాన్ని మెల్లగా పైకి లేపి, లేని మనిషి నడకను అనుసరిస్తూ మాక్సిమ్ వైపు కదిలిస్తాడు. అక్కడ ఎవరూ లేరు, అయినా ఆమె ఎంత దూరంలో ఉందో, ఎటు తిరిగిందో మనకు స్పష్టంగా తెలుస్తుంది. సినిమా మొత్తంలో రెబెకా ముఖం ఒక్కసారి కూడా కనబడదు, ఫొటోలో సైతం కనబడదు. పేజీ మీద కనబడకుండా ఉండడం తేలిక, తెరమీద కనబడకుండా కథంతా నడపడం ఎంత కష్టమో ఆలోచించండి. నవల ప్రాణం రెబెకా లేకపోవడంలోనే ఉంది, దాన్ని సినిమా పూర్తిగా పట్టుకుంది.

నీలాంబరి:

మీరిద్దరూ తూటా దగ్గరే ఆగిపోయారు. తూటా ఉందా లేదా అన్నది మాక్సిమ్‌కు సంబంధించిన ప్రశ్న, అయితే ఈ నవల మాక్సిమ్‌ది కాదు. కథ చెబుతున్న ఆ పేరులేని అమ్మాయికి ఏం జరిగిందన్నదే అసలు విషయమని, సినిమా ఎక్కడ జారిందో అక్కడే చూడాలని నేననుకుంటున్నాను.

నవలలో మాక్సిమ్ హత్య సంగతి చెప్పినప్పుడు ఆమె వణికిపోదు, అసహ్యించుకోదు, చనిపోయిన మనిషి గురించి క్షణమైనా ఆలోచించదు. అతడు రెబెకాను ఎన్నడూ ప్రేమించలేదన్న ఒక్క మాట ఆమె చెవిన పడుతుంది, మిగతాదంతా దానికి అనుబంధంగా మారిపోతుంది. తన మనసు తేలికపడిందని, ఇక రెబెకా తననేమీ చేయలేదని ఆమె మనకు ఎంతో తృప్తిగా చెబుతుంది. కాల్చినప్పుడు అంత రక్తం వస్తుందని తాను మరచిపోయానని, నేల కడగడానికి రేవుకూ ఇంటికీ మధ్య నీళ్లకోసం తిరుగుతూనే ఉన్నానని భర్త చెబుతుంటే వింటున్న భార్య ఆమె. ఆ సంతోషాన్ని చదువుతూ ఆమెతో పాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం, ఆ తర్వాత పుస్తకం మూసి మనం దేనికి సంతోషించామో గుర్తుచేసుకుంటాం. రచయిత్రి పాఠకుణ్ణి ఇరికించే తీరు అది.

దీనికి గట్టి ఆధారం ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ‘ఇప్పుడు మిసెస్ డి వింటర్‌ను నేనే’ అని ఆమె డాన్వర్స్‌తో అనే మాట నవలలోనూ ఉంది, సినిమాలోనూ ఉంది. అయితే అది ఎప్పుడు అంటుందో చూడండి. నవలలో అది భర్త నేరం విన్న మరునాటి సంగతి. ఆ రోజు వంటల జాబితాలో విందులో మిగిలిపోయిన చల్లటి పదార్థాలే కనబడేసరికి ఆమె కాగితమంతా అడ్డంగా కొట్టేసి, వేడిగా ఏదైనా వండించమని నౌకరు చేత కబురు పంపుతుంది. వాడిపోయిన పూలు అలాగే ఉంచినందుకు పనిపిల్లను మందలిస్తుంది. నౌకరు చేత కబురు పంపడమేమిటని అడగడానికి వచ్చిన డాన్వర్స్‌కు ఆ మాటతో సమాధానం చెబుతుంది. అంతవరకూ ఎవరో చూస్తారని పగిలిన పింగాణీ బొమ్మను సొరుగులో దాచుకున్న పిల్లకు ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చింది? భర్త చేసిన హత్య తనకు తెలుసన్న ధైర్యంలోంచి వచ్చింది. ఆ రహస్యం ఆమెకు ఇంటి తాళాల గుత్తి లాంటిది.

సినిమాలో ఇదే మాట చాలా ముందుగా, మారువేషాల విందుకు ముందే వస్తుంది. పశ్చిమ భాగంలోని రెబెకా గదిలో డాన్వర్స్ తనను హింసించిన తర్వాత, బల్లమీది పాత వస్తువులన్నీ తీసేయమని ఆజ్ఞాపిస్తూ ఆమె ఆ మాట అంటుంది. జోన్ ఫాంటేన్ ఆ సన్నివేశాన్ని చక్కగా నటించింది, హాలులో చప్పట్లు కొట్టించగల ఘట్టమది. కానీ అక్కడ అది అణిగిమణిగి ఉన్న మంచి అమ్మాయి ఎదురుతిరగడం మాత్రమే. అధికారం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు నవల ఇచ్చిన భయంకరమైన సమాధానం ఆ స్థానమార్పుతో మాయమైంది. ఈ మార్పును ఏ కోడూ అడగలేదు, రెండో_ఆట గారూ.

మరొకటి. చివర్లో, రెబెకా రహస్యంగా కలిసిన లండన్ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు నవలలో ఆమె మాక్సిమ్ పక్కనే కారులో ఉంటుంది, డాక్టరు డైరీ తెరిచి చదువుతున్నప్పుడు ఆ గదిలోనే కూర్చుని ఉంటుంది. సినిమాలో ఆమెను మాండర్లీకి పంపించేసి మగవాళ్లు లండన్ వెళతారు. నేరంలో భాగస్వామి కావలసిన మనిషిని, మంటల్లోంచి బయటపడవలసిన మనిషిగా మార్చారు.

ప్లీడరు_గుమాస్తా:

వృత్తిరీత్యా నాకు తట్టిన సంగతి ఒకటి చెబుతాను. సినిమాలో మాక్సిమ్ ప్రవర్తనకు సరైన కారణం లేదు. భార్య నిజంగానే పడి చనిపోయి ఉంటే, శవాన్ని పడవలోకి చేర్చి, పడవ అడుగున చిల్లులు చేసి, నీళ్లు లోపలికి వచ్చే మరలు విప్పి, ఆ తర్వాత ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చిన వేరే శవాన్ని తన భార్యదేనని గుర్తుపట్టి సమాధి చేయించడం ఎందుకు? తన మాట ఎవరూ నమ్మరని భయపడ్డానంటాడు. ఊళ్లో అతనికున్న పలుకుబడిని బట్టి చూస్తే నమ్మేవారే. నవలలోని మాక్సిమ్ చేసిన ప్రతి పనికీ లెక్క సరిపోతుంది, ఎందుకంటే అతడు హంతకుడు, హంతకుడు చేసే పనులే చేశాడు. సినిమా నేరాన్ని తీసేసి, నేరాన్ని దాచే పనులన్నింటినీ యథాతథంగా ఉంచింది.

ఇందులో ఇంకో నష్టం జరిగింది, దాన్ని ఎవరూ ప్రస్తావించడం లేదు. నవలలో కర్నల్ జూలియన్ ఆ ప్రాంతపు మేజిస్ట్రేటు. అసలు సంగతి అతడు పసిగట్టాడన్న అనుమానం పాఠకుడికి బలంగా కలుగుతుంది, మాక్సిమ్ కూడా భార్యతో అదే అంటాడు. అయినా అతడు నోరు విప్పడు. విచారణలో ఆత్మహత్య అన్న తీర్పు వస్తుంది, రెబెకాకు ఉందని డాక్టరు చెప్పిన జబ్బు దానికి కారణంగా పనికొస్తుంది, ఎస్టేటు ఏజెంటు ఫ్రాంక్ క్రాలీకి కూడా అంతా తెలిసే ఉంటుంది. రెబెకాకు వరసకు సోదరుడు, ప్రియుడు అయిన ఫావెల్ తాగుబోతు, డబ్బు గుంజాలని చూసేవాడు, అయినా ఆ గదిలో నిజం మాట్లాడుతున్నవాడు అతనొక్కడే. పెద్దమనుషులంతా కలిసి ఒక పెద్దమనిషిని కాపాడుకుంటారు, నిజం చెప్పినవాడు నీచుడని తేల్చేస్తారు. మాక్సిమ్ నిర్దోషి అయిన క్షణంలో ఈ వ్యవహారమంతా కేవలం ఒక బ్లాక్‌మెయిల్ కథ అయిపోయింది. జార్జ్ శాండర్స్ ఫావెల్‌గా ఎంత మెరిసినా, అతడి పాత్రకున్న ముల్లు విరిగిపోయింది.

రెండో_ఆట:

నీలాంబరి గారి వాదన బలంగానే ఉంది, ముఖ్యంగా ఆ వాక్యం స్థానం మారడం గురించి. అయితే పుస్తకం లోపలి గొంతును తెరమీదికి తేవడం ఎలాగో కూడా మీరు చెప్పాలి. నవలలో ఆమె ఊహలు పేజీలకు పేజీలు సాగుతాయి. తలుపు వెనుక నౌకర్లు తన గురించి ఏమనుకుంటున్నారో, ఊళ్లోవాళ్లు ఏం చెప్పుకుంటున్నారో సంభాషణలతో సహా అల్లుకుంటుంది. సినిమా అంతటా నేపథ్య గొంతు వినిపిస్తే ప్రేక్షకుడు గంటలోపు విసిగిపోతాడు. అందుకే హిచ్‌కాక్ ఆమె భయాన్ని ఇంటి కొలతల్లోకి మార్చాడు. తలుపు పిడులు ఆమె భుజాల ఎత్తున ఉంటాయి, హాలులో ఆమె ఒక మూలన చిన్న బొమ్మలా కనబడుతుంది. జార్జ్ బార్న్స్‌కు ఛాయాగ్రహణంలో ఆస్కార్ రావడం ఊరికే జరగలేదు.

ఇక డాన్వర్స్ విషయానికొస్తే, సినిమా నవలను మించిపోయిందని నేను గట్టిగా అంటాను. నవలలో ఆమెది పుర్రెలాంటి ముఖం, నల్ల దుస్తులు, జీవం లేని చల్లటి గొంతు అని వర్ణన ఉంది, అది కొంచెం అరిగిపోయిన గోథిక్ (పాత భవనాల భయానక కథల) బాణీయే. ఆ పాత్ర వేసిన జూడిత్ ఆండర్సన్‌ను హిచ్‌కాక్ దాదాపు ఎప్పుడూ నడుస్తూ చూపించలేదు, ఈ సంగతి తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడినప్పుడు ఆయనే వివరించాడు. అమ్మాయి తల తిప్పేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంటుంది, అంతే. రెబెకా గదిలో ఉన్ని కోటును చెంపకు ఆనించుకుని, సన్నటి రాత్రి దుస్తుల లోపలికి చేయి పోనిచ్చి, చూడు నా చెయ్యి కనబడుతోందని అడిగే సన్నివేశాన్ని చూసి బ్రీన్ కార్యాలయమే కంగారుపడింది. రెబెకాపై ఆమెకున్నది కేవలం స్వామిభక్తి కాదన్న సూచన రాకూడదని హెచ్చరించింది. అయినా ఆ సూచన తెరమీద నిలిచింది. కోడ్ కన్ను తూటా మీద ఉండగా, హిచ్‌కాక్ దీన్ని దాటించేశాడు.

ఆ పాత్ర ఎంత బలమైనదో మన దేశంలోనూ రుజువైంది. బీరేన్ నాగ్ 1964లో ఇదే కథను ‘కోహ్రా’ పేరుతో హిందీలో తీసినప్పుడు, కథానాయికగా ‘రోజులు మారాయి’తో తెలుగువారికి పరిచయమైన వహీదా రెహమాన్ నటించినా, చాలామందికి గుర్తుండిపోయింది ఆ ఇంటి పెద్దదిక్కుగా నటించిన లలితా పవార్.

చలివేంద్రం:

నేను సినిమా మాత్రమే చూశాను, నవల చదవలేదు. ఒక సందేహం అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మాక్సిమ్ నిజంగానే కాల్చి చంపి ఉంటే, అతడు తప్పించుకోవాలని నేనెందుకు కోరుకోవాలి? లారెన్స్ ఒలివియే వేసిన మాక్సిమ్ హంతకుడని తెలిశాక కూడా ఆ జంట సుఖంగా ఉండాలని ప్రేక్షకుడు అనుకోవడం కష్టం కదా. కోడ్ సంగతి ఎలా ఉన్నా, కథకు ఆ మార్పు మేలే చేసిందని నాకనిపిస్తోంది.

పాత_బీరువా:

చలివేంద్రం గారూ, అసలు చిక్కంతా మీ ప్రశ్నలోనే ఉంది. వారు సుఖంగా ఉన్నారని మీకు చెప్పింది సినిమా, నవల చెప్పలేదు.

‘నిన్న రాత్రి మళ్లీ మాండర్లీకి వెళ్లినట్లు కలగన్నాను’ అన్న మొదటి వాక్యాన్ని సినిమా తీసుకుంది, వెన్నెల్లో ఆ పాడుబడిన దారినీ అద్భుతంగా చూపించింది. కానీ ఆ కల తర్వాత నవలలో వచ్చే ముఖ్యమైన భాగాన్ని వదిలేసింది. కథ ముగిసిన చాలాకాలానికి ఆ దంపతులు ఎక్కడో పరదేశంలో, ఎండ మండిపోయే చోట, ఒక మామూలు హోటల్లో కాలం వెళ్లబుచ్చుతుంటారు. ఇంగ్లండు నుంచి వచ్చే పత్రికల్లోని క్రికెట్ స్కోర్లే వారికి పండుగ. ఆమె అతనికి అవి చదివి వినిపిస్తుంది. అడవి పావురాల మీద వచ్చిన వ్యాసం చదువుతుంటే మాండర్లీ అడవి గుర్తొస్తుంది, అతని ముఖం మారకుండా చూసుకోవాలి కనుక అటువంటివి ఇకమీదట తనలోనే దాచుకోవాలని నిర్ణయించుకుంటుంది. విసుగు భయానికి మంచి మందు అని తనకు తాను నచ్చజెప్పుకుంటుంది. కోర్టు వేయని శిక్షను రచయిత్రి ముందే, రెండు అధ్యాయాల్లో వేసేసింది, అదీ ఇద్దరికీ కలిపి వేసింది. నవల పూర్తయ్యాక వెనక్కు వెళ్లి ఆ పేజీలు మళ్లీ చదివితే తప్ప అది శిక్ష అని తెలియదు.

అందువల్ల కోడ్ అడ్డుపడిందన్న సమర్థనను నేను పూర్తిగా అంగీకరించను. శిక్ష పడాలన్నదే నియమమైతే, శిక్ష నవలలోనే సిద్ధంగా ఉంది. ఉరితాడు లేని ఆ శిక్షను బ్రీన్ ఒప్పుకునేవాడు కాదేమో గానీ, చివరి కౌగిలింత స్థానంలో ఆ హోటలు గదిని పెట్టినా సినిమాకు వేరే రుచి వచ్చేది. సినిమాలో మంట వేసింది డాన్వర్స్ అని తేల్చి చూపించి, ఆమె మీద దూలం పడేసి, దుష్టశక్తి కాలిపోయింది, మంచివాళ్లు బతికారు అని ముగించారు. నవలలో ఎవరు నిప్పు పెట్టారో ఎవరూ చెప్పరు. డాన్వర్స్ అప్పటికే సామాను సర్దుకుని వెళ్లిపోయిందని ఫోనులో తెలుస్తుంది, ఆ తర్వాత దారిలో ఆకాశం ఎర్రబడుతుంది, పుస్తకం అయిపోతుంది.

నీలాంబరి:

చలివేంద్రం గారి ప్రశ్నకు నా వంతు సమాధానం కూడా చెబుతాను. నవల చదివేటప్పుడు మీరు అతడు తప్పించుకోవాలని కోరుకుంటారు, కోరుకోకుండా ఉండలేరు, ఎందుకంటే మీకు వినిపించేది ఆ భార్య గొంతు ఒక్కటే. రెబెకా దుర్మార్గురాలని మనకు తెలిసిందల్లా ఎవరి ద్వారా? ముఖ్యంగా ఆమెను చంపినవాడి ద్వారా, దాన్ని నమ్మడం తప్ప గత్యంతరం లేని భార్య ద్వారా. ఫావెల్, డాన్వర్స్ చెప్పే మాటల్లో రెబెకా వేరేలా వినిపిస్తుంది. ఎవరికీ లొంగనిది, మగవాళ్లను చూసి నవ్వుకునేది, భయమెరుగనిది. ఆ మనిషి చావు కూడా తనకు నచ్చినట్లే జరిపించుకుంది. నయంకాని జబ్బుతో నెలలు లెక్కపెట్టుకునే బదులు, లేని గర్భాన్ని ఉందని చెప్పి భర్త చేత కాల్పించుకుంది, నవ్వుతూనే చనిపోయింది. సినిమాలో కూడా ఆమె తన చేత చంపించుకోవాలనే అబద్ధమాడిందని మాక్సిమ్ గ్రహిస్తాడు, కానీ అక్కడ ఆ పథకం ఫలించలేదు, ఎందుకంటే ఆమె కాలు తట్టుకుని చనిపోయింది. కోడ్ మాక్సిమ్‌ను రక్షించబోయి రెబెకాను ఓడించింది. రెండో_ఆట గారు మెచ్చుకున్న ఆ ఖాళీ సోఫా మీది కెమెరా ఎంత గొప్పదైనా, చివరికి ఆ కెమెరా ఒక తడబాటును అనుసరిస్తోంది.

అయినా తూటాను తిరిగి తెస్తే సరిపోతుందన్న భ్రమ కూడా వద్దు. బెన్ వీట్లీ 2020లో తీసిన సినిమాకు ఏ కోడూ అడ్డు లేదు, అందులో మాక్సిమ్ కాల్చే చంపాడు. అయితే ఆ సినిమా కథానాయికను చురుకైన మనిషిగా చూపించాలన్న ఆరాటంతో ఆమెను డాక్టరు గదిలోకి దొంగతనంగా పంపించి కాగితాలు వెతికించింది, డాన్వర్స్‌ను సముద్రంలోకి దూకించింది, చివర కైరో హోటల్లో ఆ ప్రేమ గెలిచిందన్నట్లు ముగించింది. బీరువా గారు చెప్పిన హోటలు గది ఇక్కడ దొరికింది, కానీ అందులో విసుగు లేదు, భయం లేదు, చదివి వినిపించాల్సిన క్రికెట్ స్కోర్లూ లేవు. హత్య ఉంది, హత్య ఎరుకలోంచి ఆమెకు వచ్చిన మార్పు లేదు. 1940 సినిమాలో ఆ ఎరుక కోడ్ వల్ల పోయిందని మనం ఇంతవరకూ వాదించుకున్నాం, ఎనభై ఏళ్ల తర్వాత ఎవరూ అడ్డుకోకపోయినా రాలేదు.

కనుక రెండో_ఆట గారికి నా ప్రశ్న ఇది. డాన్వర్స్ చేయి సన్నటి దుస్తుల లోపలికి వెళ్లిన సన్నివేశంలో బ్రీన్ కళ్లు గప్పగలిగిన దర్శకుడు, భర్త ఒప్పుకోలు వింటున్న ఫాంటేన్ ముఖంలో ఒక్క క్షణం సంతోషాన్ని ఎందుకు చూపించలేకపోయాడు? దానికి సంభాషణ అక్కర్లేదు, తూటా అక్కర్లేదు, నిషేధించడానికి అందులో ఏమీ లేదు. మీరు ఆ ఘట్టాన్ని మరొకసారి చూసి, ఆ సంతోషం అక్కడ ఉందనిపిస్తే ఏ చోట ఉందో రాయండి.